టవర్ ఆఫ్ లండన్: వేల తలలు తెగిన చెరసాల అంటారు, ఇందులో నిజమెంత?

కోటగుమ్మం
తెలుగులో టవర్ ఆఫ్ లండన్ మీద ఏ వీడియో చూసినా ఒకటే పాట. "వెయ్యేళ్ళ నరకకూపం", "లోపల వేలమంది తలలు నరికారు", "మాలకాకులు ఎగిరిపోతే రాజ్యం కూలుతుందని వెయ్యేళ్ళుగా నమ్మకం". ఒకాయనైతే కోట కట్టించింది ఎనిమిదో హెన్రీ అని కూడా సెలవిచ్చాడు. ఇక్కడ తెలిసినవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. అసలు దాన్ని జైలుగా కట్టారా? లోపల చంపింది ఎంతమందిని? కాకుల కథ, రాత్రి తాళాలు వేసే తంతు ఎంత పాతవి? లింకులు పడేసి పోకండి, వివరం చెప్పండి.

రాతిగోడ
ఎనిమిదో హెన్రీ పుట్టేసరికే దానికి దాదాపు నాలుగు వందల ఏళ్ళు. 1066లో నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండ్‌ని గెలిచాక, లండన్ జనం తిరగబడకుండా పాత రోమన్ గోడ మూలన ముందు ఒక కోట వేశాడు. 1070లలో దాని స్థానంలో రాతి కట్టడం మొదలైంది. పని చూసినవాడు రోచెస్టర్ బిషప్ గండల్ఫ్. 1100 ప్రాంతానికి పూర్తయింది. ఇప్పుడు మధ్యలో కనిపించే వైట్ టవర్ అదే. సుమారు 36 మీటర్లు పొడవు, 32 వెడల్పు, 27 ఎత్తు. గోడ అడుగున నాలుగున్నర మీటర్ల మందం. గోడల రాయి కెంట్ నుంచి, అంచులు తీర్చిన మెత్తని రాయి సముద్రం దాటి నార్మండీలోని కాన్ నుంచి.

గుమ్మం నేలమట్టంలో లేదు, పై అంతస్తులో ఉంది. చెక్కమెట్లు ఎక్కి వెళ్ళాలి. శత్రువు వస్తే మెట్లు తీసేయడమే. జైలు కోసం కట్టే కట్టడం ఇలా ఉండదు. ఇది రాజు దాక్కునే చోటు, ఊరిని బెదిరించే చోటు.

ఇంకొకటి. 1240లో మూడో హెన్రీ దానికి తెల్లసున్నం కొట్టించాడు, పేరు అలా వచ్చింది. కొత్త సున్నం మీద వాననీటి చారలు పడకూడదని చూరు నుంచి సీసపు గొట్టాలు నేల దాకా దించమని ఆజ్ఞ ఇచ్చాడు. రాజుగారికీ అదే బాధ!

గ్రంథపురుగు
పై పోస్టుకి కొసరు. కోట, రాజు నివాసం, ఖజానా, ఆయుధశాల, టంకశాల, జంతుశాల, పత్రాల భాండాగారం, చెర. ఇవన్నీ ఒకే ఆవరణలో. చెర అనేది వీటిలో ఒకటి మాత్రమే. 1810 ప్రాంతం దాకా దేశపు నాణేలు అక్కడే పోశారు. న్యూటన్ 1696లో వార్డెన్‌గా చేరింది ఆ టంకశాలలోనే. లోపలి గోడకీ బయటి గోడకీ మధ్య సందుని ఇప్పటికీ మింట్ స్ట్రీట్ అంటారు.

పల్నాటి_పులుసు
జంతుశాలా? రాజుల కోటలో జూ పెట్టారా

గ్రంథపురుగు
పెట్టారు. 1235లో పవిత్ర రోమన్ చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ మూడు పెద్ద పిల్లిజాతి మృగాలు పంపాడు. చిరుతలనీ సింహాలనీ రెండు మాటలూ ఉన్నాయి. 1252లో నార్వే నుంచి తెల్ల ఎలుగుబంటి వచ్చింది. దానికి పొడుగాటి తాడు కట్టి థేమ్స్‌లో చేపలు పట్టుకోనిచ్చేవాళ్ళు. 1255లో ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ ఏనుగుని పంపితే దానికో ప్రత్యేకమైన కొట్టం కట్టించారు. రెండేళ్ళకే చచ్చిపోయింది. 1830లలో జంతువుల్ని రీజెంట్స్ పార్క్‌కి తరలించారు, 1835కి మూసేశారు.

ఓరుగల్లు_చిన్నోడు
గవన్నీ మంచిగున్నయ్ గనీ తలల లెక్క చెప్పుర్రి. కోటగుమ్మం అన్న అడిగింది గదే.

తలారి_రాజు
(నా పేరుకీ టాపిక్‌కీ సంబంధం లేదు, పాత ఐడీ.)

లెక్క ఇదీ. కోట గోడల లోపల మరణశిక్ష అమలైంది మొత్తం 22 మందికి. అంతే. టవర్ గ్రీన్ అనే లోపలి పచ్చిక దగ్గర పదిమంది. వాళ్ళలో తల తెగినవాళ్ళు ఏడుగురు: 1483లో విలియం హేస్టింగ్స్, 1536 మే 19న ఎనిమిదో హెన్రీ రాణి ఆన్ బొలీన్, 1541లో మార్గరెట్ పోల్, 1542 ఫిబ్రవరి 13న హెన్రీ మరో రాణి కేథరిన్ హోవర్డ్, ఆమెతోపాటు జేన్ బొలీన్, 1554 ఫిబ్రవరి 12న లేడీ జేన్ గ్రే, 1601 ఫిబ్రవరి 25న ఎసెక్స్ ప్రభువు రాబర్ట్ డెవరూ. మిగతా ముగ్గురూ 1743లో తిరుగుబాటు చేసిన బ్లాక్ వాచ్ అనే స్కాట్లాండ్ దళం సైనికులు, వాళ్ళని కాల్చారు.

మిగిలిన 12 మందీ ఇరవయ్యో శతాబ్దపు గూఢచారులు. మొదటి ప్రపంచయుద్ధంలో 11 మంది, రెండోదాంట్లో ఒక్కడు. 1941 ఆగస్టు 15న యోసెఫ్ యాకోబ్స్. పారాచూట్‌తో దిగేటప్పుడు చీలమండ విరిగింది, నిలబడలేడు కాబట్టి కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు. అంటే "మధ్యయుగపు నరకం"లో చచ్చినవాళ్ళలో సగానికి పైగా ఇరవయ్యో శతాబ్దం వాళ్ళే.

కోటగుమ్మం
మరి వేలమంది అన్నది ఎక్కణ్ణుంచి వచ్చింది?

తలారి_రాజు
కోట బయట, వాయవ్యంగా టవర్ హిల్ అనే మిట్ట ఉంది. బహిరంగంగా తలలు తీసింది అక్కడ. అక్కడ కూడా నాలుగు వందల ఏళ్ళలో నూటపదీ నూటపన్నెండు లెక్క వస్తుంది, వేలు కాదు. గ్రీన్ దగ్గర చంపడం ఒకరకంగా గౌరవం, జనం గోల లేకుండా. రాణులకీ, జనం ఎక్కువ ప్రేమించే ఎసెక్స్ లాంటివాళ్ళకీ. మామూలు దొంగలూ హంతకులూ టైబర్న్‌లో ఉరికి పోయేవాళ్ళు, వాళ్ళు టవర్ మొహం కూడా చూడరు.

టవర్ హిల్ మీద ఆఖరుగా తల తెగింది 1747 ఏప్రిల్ 9న లార్డ్ లోవాట్‌ది. ఎనభై దాటిన ముసలాయన. ఆ రోజు జనం కోసం కట్టిన చెక్క మంచె కూలి దాదాపు ఇరవై మంది చూడవచ్చినవాళ్ళు పోయారు. ఆ మొద్దూ గొడ్డలీ ఇప్పటికీ లోపల ప్రదర్శనలో ఉన్నాయి.

సున్నపురాయి
గొడ్డలి వేరు, ఖడ్గం వేరు. ఇది వీడియోల్లో ఎప్పుడూ కలిపేస్తారు. ఆన్ బొలీన్‌కి మొద్దు లేదు. నిటారుగా మోకాళ్ళ మీద కూర్చుంటే రెండు చేతుల ఖడ్గంతో పక్కనుంచి ఒక్క వేటు. దానికి ఫ్రాన్స్ తీరంలోని కాలే ఊరి నుంచి ఖడ్గం వాడటం వచ్చినవాణ్ణి తెప్పించారు. ఇంగ్లండ్‌లో వాడుక గొడ్డలిది. అది బరువుగా, ముందుకి తూలుతూ ఉండే పనిముట్టు. తల మొద్దు మీద పెట్టాక మెడ సరిగ్గా ఆనకపోయినా, కొట్టేవాడికి అలవాటు లేకపోయినా వేటు భుజం మీదో తల మీదో పడేది. 67 ఏళ్ళ మార్గరెట్ పోల్‌ని ఒక అనుభవం లేని కుర్రాడు చాలా వేట్లతో చంపాడని అప్పటివాళ్ళే రాశారు.

లండన్_లచ్చిమి
భోజనం టైములో చదివా. థాంక్యూ.

మాలకాకి_మామ
నా టాపిక్ వచ్చేదాకా ఆగాను. మాలకాకులు ఆరు ఉండాలి, పోతే కోటా రాజ్యమూ కూలతాయి, ఇది రెండో చార్ల్స్ కాలం నుంచీ ఉన్న నమ్మకం. ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్లామ్‌స్టీడ్ టెలిస్కోపు మీద రెట్టలు పడుతున్నాయని మొర పెడితే రాజు కాకుల్ని తీసేయమన్నాడు. కీడు జరుగుతుందని ఎవరో చెప్తే కాకుల్ని ఉంచి, ఆయన్నే గ్రీన్‌విచ్‌కి పంపాడు.

గ్రంథపురుగు
@మాలకాకి_మామ కథ బాగుంది. ఆధారం? ఫ్లామ్‌స్టీడ్ గ్రీన్‌విచ్‌కి ముందు వైట్ టవర్ గుండ్రటి బురుజు నుంచి చుక్కలు చూసిన మాట నిజం, 1675 నాటిది. కాకుల ముక్క మాత్రం ఆ కాలపు కాగితాల్లో ఎక్కడా లేదు. టవర్‌లో మాలకాకులు ఉన్నట్టు చూపే అతి పాత బొమ్మ 1883ది. "పోతే రాజ్యం కూలుతుంది" అన్న మాట అచ్చులో కనపడేది ఇంకా తర్వాత. విక్టోరియా కాలంలో సందర్శకులు పెరిగారు, తలల కథలకి నల్లటి పిట్ట బాగా కుదిరింది.

మాలకాకి_మామ
రాసి లేనంత మాత్రాన లేనట్టు కాదుగా. కాకి పుట్టిన తేదీ రిజిస్టర్లో రాయించుకుంటుందా?

గ్రంథపురుగు
టవర్‌లో సీసపు గొట్టాలకి కూడా ఆజ్ఞాపత్రం ఉంది మామా, పైన రాతిగోడ చెప్పారు చూడండి. ఏనుగు కొట్టానికి లెక్క ఉంది. సింహాలకి పెట్టిన మాంసం ఖర్చుంది. రాజ్యం నిలబెట్టే పిట్టలకి మాత్రం ఆరు వందల ఏళ్ళపాటు ఒక్క పైసా ఖర్చు రాయలేదంటే ఏమనుకోవాలి?

ఓరుగల్లు_చిన్నోడు
మామ ఔట్ 😂

మాలకాకి_మామ
నేను ఔట్ కాలేదు, ఒప్పుకోలేదు కూడా. అయినా ఇప్పటి ఏర్పాటు చెప్తా, దీని మీద తగువు ఉండదు. ఆరు తప్పనిసరి, మామూలుగా ఒకటి అదనంగా ఉంచుతారు. చూసేవాణ్ణి రావెన్ మాస్టర్ అంటారు, అతను కూడా యోమన్ వార్డరే, అంటే కోట కాపలాదారే. ఒక్కో పిట్టకి రోజుకి 170 గ్రాముల పచ్చి మాంసం, దానితో రక్తంలో నానబెట్టిన బిస్కట్లు. రాత్రి నక్కల భయం ఉంది కాబట్టి గూళ్ళలో పెట్టి మూస్తారు, తెల్లారి వదుల్తారు. రెక్క ఈకలు కొద్దిగానే కత్తిరిస్తారు. ఎక్కువ కత్తిరిస్తే నక్కకి దొరికిపోతుంది, తక్కువైతే ఎగిరి పోతుంది. ఆ సమతూకమే కష్టం. 1981లో గ్రాగ్ అనే కాకి వెళ్ళిపోయి ఈస్ట్ ఎండ్‌లో ఒక పబ్ బయట ఆఖరుసారి కనిపించింది. 2021లో మెర్లీనా తిరిగి రాలేదు.

సైనికుల్లా కొలువులో చేర్చుకుంటారు, కాబట్టి తీసెయ్యచ్చు కూడా. జార్జ్ అనే కాకి టీవీ ఏరియళ్ళు కొరికి పాడు చేస్తోందని 1986లో ఉద్యోగం ఊడగొట్టి వేల్స్‌లోని జూకి పంపారు.

పల్నాటి_పులుసు
కాకికి ఉద్యోగం ఊడింది అంటే మా వాళ్ళు నమ్మరు ఇక

రాతిగోడ
కాకుల మధ్యలో అసలు ప్రమాదం మర్చిపోతున్నారు, కందకం. మూడో హెన్రీ కొత్త గోడలు కట్టిస్తుంటే 1240లో పడమటి సింహద్వారం కూలింది. మళ్ళీ కడితే 1241లో మళ్ళీ కూలింది. నది ఒడ్డు మెత్తటి నేల, పునాది ఆనలేదు. రాజు మీద కోపంగా ఉన్న లండన్ జనం సంతోషించారు. సెయింట్ థామస్ బెకెట్ ఆత్మ శిలువతో కొట్టి కూల్చిందని కథ పుట్టింది. ఎండిన కందకంలో 1990లలో తవ్వితే కూలిన ఆ కట్టడపు అవశేషాలు దొరికాయి.

కొడుకు మొదటి ఎడ్వర్డ్ 1275 నుంచి 1285 మధ్య 21,000 పౌండ్లు ఖర్చు పెట్టి, పాత కందకం పూడ్చి, బయట ఇంకో గోడ, దాని బయట ఇంకా వెడల్పు కందకం వేశాడు. కొన్నిచోట్ల 50 మీటర్లు. ఇప్పుడు చూసే గోడలో గోడ ఆకారం అప్పటిది. నది పోటుతో వచ్చిన నీటిని తలుపులతో బిగించి ఆపాలి. రక్షణకి మంచిదే, కానీ ఆ నీళ్ళు సరిగ్గా కొట్టుకుపోవు. కోట మరుగుదొడ్లూ ఊరి మురుగూ అందులోకే. కొన్ని వందల ఏళ్ళు పూడిక తీస్తూ, తిడుతూ గడిపారు. సైనికులు జబ్బు పడుతుంటే 1843లో నీళ్ళు తోడించి పూడ్పించారు. అప్పుడు కోట కాన్స్టేబుల్, అంటే కోట పెద్ద, ఎవరో తెలుసా? శ్రీరంగపట్నం యుద్ధంలో ఉన్న ఆర్థర్ వెల్లెస్లీయే, వెల్లింగ్టన్ డ్యూక్ అయ్యాక.

థేమ్స్_తీరం
ట్రెయిటర్స్ గేట్ కూడా ఆ ఎడ్వర్డ్ పనే. ద్రోహులని పడవలో తెచ్చే గేటు అని చెప్పుకుంటారు గానీ, ఆయన కట్టించింది తను పడవ దిగి నేరుగా తన గదుల్లోకి వెళ్ళడానికి. పైన ఉన్న సెయింట్ థామస్ టవర్ రాజు నివాసం. ఆ చెడ్డపేరు ట్యూడర్ల కాలంలో తగిలింది.

కోటగుమ్మం
బాగుంది. చెర సంగతి ఎవరూ ముట్టుకోలేదు. చీకటి కొట్లు, ఇనుప గొలుసులు?

గ్రంథపురుగు
ఖైదీల కోసం కట్టిన గదుల వరస అంటూ ఏమీ లేదు. ఏ బురుజు ఖాళీగా ఉంటే అందులో పెట్టడమే. పెద్దింటి ఖైదీ తన ఖర్చు తనే పెట్టుకోవాలి: తిండి, కట్టెలు, కొవ్వొత్తులు, పరుపు. హోదాని బట్టి రుసుము, అది కోట అధికారికి ఆదాయం. వాల్టర్ రాలీ 1603 నుంచి 1616 దాకా బ్లడీ టవర్‌లో ఉన్నాడు. భార్యా పిల్లాడూ పక్కనే, మందులు కాచుకునే కొట్టం, నడవడానికి గోడ మీద దారి. ప్రపంచ చరిత్ర రాశాడు. డబ్బులేని ఖైదీ సంగతి వేరు.

హింస జరిగింది, కానీ దానికీ కాగితం కావాలి. రాజు సలహా మండలి అయిన ప్రీవీ కౌన్సిల్ ఉత్తర్వు లేకుండా చెయ్యకూడదు. 1540 నుంచి 1640 దాకా నూరేళ్ళలో అలాంటివి కొన్ని పదులే దొరుకుతున్నాయి. లాగే బల్ల, కుదించే ఇనుప చట్రం, చేతికడియాలతో వేలాడదీయడం, ఈ మూడూ. పార్లమెంటుని పేల్చబోయి దొరికిన గై ఫాక్స్ 1605లో పెట్టిన సంతకాలు చూడండి, బల్లకి ముందూ తర్వాతా. రెండోది సంతకంలా లేదు, గీతలా ఉంది.

సున్నపురాయి
"కొన్ని పదులే" అని తేలిగ్గా అనేస్తే ఎలా? అవి కాగితాలు మిగిలిన లెక్క. కాగితం లేకుండా జరిగినవి మనకి కనపడవు.

మాలకాకి_మామ
@సున్నపురాయి అదే మాట కాకులకి నేనంటే నవ్వారు.

గ్రంథపురుగు
ఇక్కడ సున్నపురాయి గారి మాటకి బలం ఉంది. ఉత్తర్వు ఉన్నవే లెక్కకి వస్తాయి. కానీ వీడియోల్లో చెప్పినట్టు రోజూ కీచులు వినిపించే చోటు మాత్రం కాదు.

నల్లబల్ల
బీచమ్ టవర్ గోడల మీద ఖైదీలు చెక్కిన రాతలు తప్పక చూడాలి. లేడీ జేన్ గ్రే భర్త వైపు డడ్లీ అన్నదమ్ములది అందరికంటే గొప్ప పని. ఎలుగుబంటి, సింహం, చుట్టూ పూల అంచు. గులాబీలు ఆంబ్రోస్‌కి, ఓక్ ఆకులు రాబర్ట్‌కి, ఇలా ఒక్కో తమ్ముడికి ఒక్కో పువ్వు. గోల్కొండ చెరలో రామదాసు గోడ మీద దేవుళ్ళని చెక్కుకున్నాడని చెప్పుకుంటామే, ఆ రకం. పక్కనే చిన్నగా "జేన్" అని రెండుచోట్ల ఉంది. అది లేడీ జేన్ చెక్కింది కాదు, ఆమె భర్తో బావలో చెక్కి ఉంటారని చెప్తారు.

ఓరుగల్లు_చిన్నోడు
తప్పించుకున్నోళ్ళు ఎవ్వలు లేరా?

థేమ్స్_తీరం
బోలెడుమంది. మొట్టమొదటి పేరున్న ఖైదీయే తప్పించుకున్నాడు. డరహం బిషప్ రాన్యుల్ఫ్ ఫ్లాంబార్డ్, 1101 ఫిబ్రవరి. సారాయి పీపాలో తాడు తెప్పించుకుని, కాపలావాళ్ళకి తాగించి, కిటికీ స్తంభానికి కట్టి దిగాడు. తాడు పొట్టిదై చేతులు ఊడొచ్చాయి. 1244లో వేల్స్ యువరాజు గ్రఫిడ్ దుప్పట్లు ముడేసి దిగబోతే ఆ తాడు తెగి పడి చచ్చిపోయాడు. లావుపాటి మనిషి.

పద్ధతిగా జరిగింది 1597 అక్టోబరులో జాన్ జెరార్డ్ అనే కాథలిక్ పూజారిది. బయటికి ఉత్తరాలు నారింజ రసంతో రాశాడు. నిమ్మరసమైతే నీళ్ళు తగిలినా కనిపిస్తుంది, ఆరితే మాయమవుతుంది, మధ్యలో ఎవడన్నా చదివినా తెలీదు. నారింజ నీళ్ళకి కొట్టుకుపోతుంది. వేడికి బయటపడితే ఇక పోదు, కాబట్టి చదివినవాడు దొరికిపోతాడు. మొదటి రాత్రి నది పోటు వాళ్ళ పడవని వంతెన వైపు లాక్కుపోయి పని చెడింది. మర్నాడు క్రేడిల్ టవర్ మీంచి దారానికి ఇనప గుండు కట్టి కందకం అవతలికి విసిరారు, దాంతో తాడు లాక్కున్నారు. బురుజు ఎత్తు చాలక తాడు వాలుగా రాలేదు, జారడం కుదరదు, చేతులతో పాక్కుంటూ పోవాలి. ఆ చేతులు కడియాల మీద వేలాడదీసి పాడైపోయిన చేతులు. అయినా వెళ్ళాడు. తన కాపలావాడి మీదికి రాకుండా అతనికీ తప్పించుకునే ఏర్పాటు చేశాడు.

లండన్_లచ్చిమి
లార్డ్ నిత్స్‌డేల్‌ని మర్చిపోకండి. 1716 ఫిబ్రవరి, మర్నాడు తల తీస్తారనగా. భార్య వినిఫ్రెడ్ స్నేహితురాళ్ళని ఒక్కొక్కళ్ళనీ లోపలికీ బయటికీ తిప్పి కాపలావాళ్ళ లెక్క తప్పించింది. అతనికి లంగా తొడిగి, మొహానికి రంగు పూసి, ఏడుస్తున్నట్టు రుమాలు మొహానికి అడ్డుపెట్టించి పంపేసింది. తను గదిలోనే ఉండి ఇద్దరి గొంతుతో మాట్లాడింది.

పల్నాటి_పులుసు
ఇద్దరి గొంతుతో 🙏 ఆస్కార్ ఇవ్వండి ఆ తల్లికి

సరే మన పల్నాడు ముక్క ఎవరూ అనలేదు. కోహినూర్ అక్కడే కదా, కొల్లూరు వజ్రం.

నల్లబల్ల
కృష్ణ ఒడ్డు గోల్కొండ గనులదని సంప్రదాయం. కాగితం మీద గట్టిగా కనపడేది 1739లో నాదిర్ షా ఢిల్లీ కొల్లగొట్టిన దగ్గరనుంచే. 1849లో పదేళ్ళ సిక్కు రాజు దులీప్ సింగ్‌తో లాహోర్ ఒప్పందంలో రాయించుకున్నారు. 1852లో మళ్ళీ సానబట్టి 186 క్యారట్లదాన్ని 105.6కి తెచ్చారు. 1937లో చేసిన రాజమాత ఎలిజబెత్ కిరీటంలో ఉంది. 2023 పట్టాభిషేకానికి కెమిల్లా దాన్ని పెట్టుకోలేదు. పక్కనే ఉన్న కల్లినన్ 530 క్యారట్లది, అది దక్షిణాఫ్రికాది. చాలామంది దాన్ని చూసి కోహినూర్ అనుకుని వచ్చేస్తారు.

కోటగుమ్మం
ఇక తాళాల తంతు ఒక్కటి మిగిలింది.

బురుజు_దీపం
తాళాలు వెయ్యడం పద్నాలుగో శతాబ్దం నుంచీ ఉంది. పది గంటలన్న టైము మాత్రం 1826లో ఆ వెల్లింగ్టనే ఖాయం చేశాడు.

రాత్రి సరిగ్గా 9:53కి చీఫ్ యోమన్ వార్డర్ ఒక చేతిలో కొవ్వొత్తి లాంతరు, ఇంకో చేతిలో తాళంచెవులతో బైవర్డ్ టవర్ నుంచి బయల్దేరతాడు. ట్రెయిటర్స్ గేట్ దగ్గర సైనికుల ఎస్కార్ట్ కలుస్తుంది, లాంతరు ఒక సైనికుడు పట్టుకుంటాడు. బయటి గేటు నుంచి ఒక్కొక్కటీ వేసుకుంటూ వెనక్కి వస్తారు. బ్లడీ టవర్ కమాను దగ్గర సెంట్రీ ఆపుతాడు. "ఆగు! ఎవరు వచ్చేది?" "తాళంచెవులు." "ఎవరి తాళంచెవులు?" "చార్ల్స్ రాజు తాళంచెవులు." అప్పుడు దారి ఇస్తాడు. లోపల మెట్ల దగ్గర వార్డర్ టోపీ ఎత్తి రాజుని దేవుడు కాపాడాలంటాడు, అందరూ ఆమెన్ అంటారు. గడియారం పది కొడుతుంది, బ్యూగిల్ ఊదుతారు.

ఆలస్యమైంది ఒక్కసారే, 1940 డిసెంబర్ 29న. బాంబులు పడి వార్డర్లు కింద పడ్డారు. లేచి దుమ్ము దులుపుకుని పూర్తి చేశారు. ఆలస్యానికి క్షమించమని రాజుకి ఉత్తరం రాశారు. శత్రువు వల్ల జరిగింది కాబట్టి శిక్ష లేదని జవాబొచ్చింది.

ఓరుగల్లు_చిన్నోడు
గా ఎర్ర బట్టల ముసలోళ్ళు జీతగాళ్ళా, వేషగాళ్ళా?

బురుజు_దీపం
నిజం సైనికులే తమ్మీ. సైన్యంలో కనీసం 22 ఏళ్ళు, వారెంట్ ఆఫీసర్ హోదా, సత్ప్రవర్తన పతకం, ఇవన్నీ ఉంటేనే దరఖాస్తు. కుటుంబంతో కోట లోపలే కాపురం, అద్దె కట్టాలి. ఎర్ర బట్టలు పండగలకే, రోజూ వేసేది 1858 నాటి ముదురు నీలం. మొదటి మహిళా వార్డర్ మొయిరా కామెరన్ 2007లో చేరింది.

రాతిగోడ
ఫిరంగుల లెక్క కూడా చెప్పేస్తా. రాజు పుట్టినరోజుకి అక్కడ 62 పేలుస్తారు. మామూలు వందనం 21, రాజకోట కాబట్టి 20, లండన్ నగరం తరఫున ఇంకో 21.

కోటగుమ్మం
తాళాల తంతు బయటివాళ్ళు చూడొచ్చా?

బురుజు_దీపం
చూడొచ్చు. పగటి టికెట్టుతో కుదరదు, విడిగా ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, నెలల ముందే అయిపోతాయి. రాత్రి తొమ్మిదిన్నరకి గేటు దగ్గర ఉండాలి, ఆలస్యమైతే లోపలికి రానివ్వరు. ఫొటోలు, వీడియోలు నిషిద్ధం. పగలు వెళ్తే తెరవగానే నేరుగా నగల గదికి పొండి, పదకొండు దాటితే వరస పెరిగిపోతుంది. అక్కడ కూడా ఫోన్ జేబులోనే.

మాలకాకి_మామ
కాకులకి చిప్స్ పెట్టకండి. కరుస్తాయి.